పాత కాపలా, కొత్త కాపలా

షాహనా ఫోన్‌లో లారీ హారన్ పెట్టింది వాళ్ల నాయన సైదావలి. నెల్లూరులో లారీలకూ బస్సులకూ హారన్లు బాగుచేసే కొట్టు ఆయనది. కూతురికి మైపాడులో సర్వర్లు చూసుకునే ఉద్యోగం వచ్చిన కొత్తల్లో, అవి పడిపోతే ఫోన్ మోగి చెబుతుందని విని ఆయన పడీపడీ నవ్వాడు. "నీ నిద్ర సంగతి నాకు తెలవదా పాపా? ఆ టింగు టింగు మోతకు నువ్వు లేస్తావా?" అని, కొట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద హారన్ మోగించి ఫోన్‌లో రికార్డు చేసిచ్చాడు. ఆనాటి నుంచి సర్వర్లకు ఏ చిన్న నలత వచ్చినా షాహనా చేతిసంచిలోంచి లారీ వచ్చేస్తుంది.

ఆమె పనిచేసేది పెద్ద కంపెనీ ఏమీ కాదు. మైపాడు ఊరి అంచున, గంగులయ్య ఐస్ ఫ్యాక్టరీకి ఆనుకుని ఒక డాబా ఉంది. అందులో ఒక చల్లగది, గదిలో మూడు సర్వర్లు. యజమాని పేరు ఫ్రెడ్డీ. ఒకప్పుడు రొయ్యల గుంటలకు ఏరేటర్లు అమ్ముకున్న మనిషి ఆయన. నీళ్లలో గాలి తగ్గితే రొయ్య బతకదు, అందుకే గుంటల్లో నీటిని చిలికే ఏరేటర్లు. ఫ్రెడ్డీ ఇప్పుడు ఆ చుట్టుపక్కల గుంటలన్నిటిలో మీటర్లు పెట్టించాడు. ఏ గుంటలో గాలి తగ్గినా మీటరు సర్వర్లకు చెబుతుంది, సర్వర్లు ఆ రైతుకు ఫోన్ చేస్తాయి, రైతు పరుగెత్తి ఏరేటర్లు వేస్తాడు. సర్వర్లు నోరు మూసుకున్నాయా, ఫోన్ రాదు. ఫోన్ రాకపోతే తెల్లారేసరికి గుంటలో రొయ్యంతా పైకి తేలుతుంది.

మరి సర్వర్లు బాగున్నాయో లేదో చూసేదెవరు? దానికి ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది. చెన్నైలో అద్దెకు తీసుకున్న కంప్యూటర్‌లో కూర్చుని అది ఐదు నిమిషాలకోసారి ఈ మూడింటినీ "ఉన్నారా?" అని పలకరిస్తుంది. "ఉన్నాం" అంటే సరే. పలక్కపోతే లారీ హారన్. ఆఫీసులో దాన్ని అందరూ "కాపలా" అనే అంటారు. దాన్ని అక్కడ కూర్చోబెట్టింది షాహనానే. ఉద్యోగంలో చేరిన తర్వాత ఆమె చేసిన మొదటి పెద్ద పని అది, అందుకని దానిమీద కాస్త మమకారం కూడా ఉంది.

మమకారం ఉంటే మాత్రం ఏం లాభం? అది దొంగ కేకలు వేయడం మొదలుపెట్టి చాలా కాలమైంది. హారన్ మోగుతుంది. షాహనా చేతిలో అన్నం ముద్ద పళ్లెంలో పడేసి కంప్యూటర్ తెరుస్తుంది. తీరా చూస్తే మూడు సర్వర్లూ ఏమీ ఎరగనట్టు పనిచేసుకుంటూ ఉంటాయి. పడిపోయిన జాడ ఒక్కటీ ఉండదు. ఎంత వెతికినా కారణం దొరకదు. అట్లాగని పట్టించుకోకుండా ఉంటే, ఆ ఒక్కసారే అది నిజమైతే? రొయ్యలు పెంచే వనజాక్షక్క గుంటో, ఇంకో రైతు గుంటో పోతుంది.

అన్నం ముద్ద సంగతి అట్లా ఉంచండి. పోయినేడు భాద్రపదంలో చెల్లెలు హీనా నిశ్చితార్థం జరిగింది. ఇల్లంతా బంధువులు. పెళ్లికొడుకు తల్లి ఉంగరం తీసి హీనా వేలికి తొడగబోతుండగా లారీ వచ్చింది. కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు, ఒక ముసలామె అయితే దోవ ఇవ్వడానికి పక్కకు జరిగింది కూడా. షాహనా ఇంట్లోంచే సర్వర్లను అందుకోవాలని చూసింది. అందలేదు. పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోసుకుని స్కూటీ ఎక్కి మైపాడు దాకా పోయింది. అక్కడ అంతా సుబ్బరంగా ఉంది. తిరిగొచ్చేసరికి చుట్టాలు వెళ్లిపోయారు, బిర్యానీ గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి, హీనా కళ్లు వాచి ఉన్నాయి.

"నిఖా రోజు నా పక్కనే ఉండాల అక్కా," అంది హీనా ఆ సాయంత్రం. "వకీలూ సాక్షులూ వచ్చి నన్ను సమ్మతేనా అని అడుగుతారు గదా, అప్పుడు నా చెయ్యి నువ్వు పట్టుకోవాల. అమ్మ పట్టుకుంటే ఆమె ఏడుస్తాది, ఆమెను చూసి నేను ఏడుస్తా, ఇంక మాట ఎట్టా వస్తాది నాకు?"

షాహనా చెల్లెలి తలమీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. తల్లి నాగూర్‌బీ ఆ ఒట్టును ఏమాత్రం నమ్మలేదు. "నువ్వు ఒట్టేస్తావు, ఆ లారీ ఒట్టేస్తదా?" అంది.

ఇప్పుడు ఆ నిఖా రానే వచ్చింది. జూన్ నడుమ ఒక ఆదివారం, నెల్లూరులో షాదీఖానా మాట్లాడారు. సరిగ్గా అదే సమయానికి కాపలా సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ల నుంచి కబురు వచ్చింది. కొత్త వెర్షన్ వచ్చింది, ఇకమీద పాతదానికి తప్పులు దిద్దే పని పెట్టుకోము అని. కొత్తది ఐదు నిమిషాలు ఆగదు, పది సెకన్లకోసారి పలకరిస్తుంది. ఒక్క మనిషినే కాదు, వరసగా ఎంతమందినైనా పిలుస్తుంది. ఎవరు అందుకున్నారో మిగతావాళ్లకు చెబుతుంది. అది చదవగానే షాహనాకు నెత్తిన పాలు పోసినట్టయింది. ఉన్నపళాన ఫ్రెడ్డీ గదిలోకి పోయింది.

ఫ్రెడ్డీ గది అంటే అది ముందుహాలే. అక్కడ ఆయన బల్ల పక్కన గోడకు ఆనించి పెద్ద గాజుతొట్టి ఉంటుంది. అందులో రొయ్యలు. చేపల తొట్టి పెట్టుకునేవాళ్లను చూశాం గానీ రొయ్యల తొట్టి పెట్టుకునేవాడిని ఈయన్నే చూస్తున్నాం అని ఊళ్లో నవ్వుతారు. వచ్చిన రైతులకు మీటరు ఎట్లా పనిచేస్తుందో చూపించడానికి పెట్టాడు, పోనుపోను వాటిమీద ప్రాణం పెట్టుకున్నాడు. ఒక్కోదానికి పేరు కూడా పెట్టాడని గంగులయ్య అంటాడు, ఆయన కాదంటాడు.

"నిఖా వారంలో ఉంది, ఇప్పుడు కెలుకుతావా తల్లీ దాన్ని?" అన్నాడు ఫ్రెడ్డీ, తొట్టిలో మేత చల్లుతూ. "బిల్లుల సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు ఏమైందో మర్చిపోయినావా? రెండు రోజులు ఎవురికీ బిల్లు రాలేదు. అయినా పాతది కుదురుకున్నది గదమ్మా. ఈ రెండు నెలల్లో ఒక్కసారన్నా అరిచిందా?"

నిజమే. ఏప్రిల్ నడుమ నుంచి ఒక్కసారి కూడా హారన్ మోగలేదు. ప్రతి ఎండాకాలం అంతే, దానికి వానగాలి పడదు కాబోలు అని వాళ్లిద్దరూ ఎప్పుడో తేల్చేసుకున్నారు. వాన ఇంకా పడలేదు. మబ్బు కూడా లేదు. కాబట్టి ఆదివారం దాకా ఢోకా లేదు.

"నిఖా అయినాక తాపీగా మార్చుకుందువులే," అన్నాడు ఫ్రెడ్డీ.

షాహనాకు అదీ సబబుగానే తోచింది. ఎవరిని ఎప్పుడు పిలవాలో చెప్పే నియమాలన్నీ కొత్త దాంట్లో మళ్లీ మొదటి నుంచి రాయాలి. ఎక్కడో ఒక చుక్క తప్పితే పెళ్లిలో లారీ కాదు, రైలే వస్తుంది. తెలిసిన పాతదాన్ని తీసేసి తెలియని కొత్తదాన్ని పెట్టి, దాన్ని నమ్ముకుని పెళ్లిలో కూర్చోవడం తెలివైన పనేనా? సరే, వద్దులే అనుకుంది. అనుకుంది గానీ చెయ్యి ఊరుకోలేదు. పాతదాన్ని తన చోటనే ఉంచి, దాని పక్కన కొత్తదాన్ని కూడా కూర్చోబెట్టింది. దానికి ఎవరినీ పిలిచే హక్కు ఇవ్వలేదు. ఊరికే చూస్తూ, చూసింది తన ల్యాప్‌టాప్ తెర మీద చెప్పడమే దాని పని.

తెర మీద ఒక్కో సర్వరుకు ఒక్కో గడి. రెండు రోజులు అవి పచ్చగా ఉన్నాయి. గురువారం మధ్యాహ్నం మూడు గడులూ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. షాహనా చల్లగదిలోకి పరుగెత్తింది. సర్వర్లు హాయిగా గుర్రు పెడుతున్నాయి. బయటికొచ్చి చూస్తే తెర మళ్లీ పచ్చగా ఉంది. పాతది నోరు మెదపలేదు.

"చూసినావా?" అన్నాడు ఫ్రెడ్డీ సంబరంగా. "ఇది దానికన్నా పిరికిది. దాన్ని తీసి దీన్ని పెట్టుంటే ఈపాటికి మీ ఇంట్లో గోల గోల అయ్యుండేది."

కాసేపటికి తెర మళ్లీ ఎర్రబడింది, మళ్లీ పచ్చబడింది. షాహనాకు కూడా కొత్తదానిమీద నమ్మకం సడలింది. దీన్ని తీసిపారేసి, నిఖా అయ్యేదాకా కంప్యూటర్లకు దండం పెట్టుకుని కూర్చోవడమే మేలనుకుంది. తీసేద్దామని మీట మీద వేలు పెట్టబోతుండగా పక్కనుంచి గర్రుమని పెద్ద చప్పుడు లేచింది. నెత్తిన ట్యూబులైటు ఒక్కసారి మిణుక్కుమంది. కళ్లెదుటే మూడు గడులూ ఎర్రబడ్డాయి.

ఆ చప్పుడు విని ఎన్నాళ్లయింది! షాహనా చెవులు రిక్కించింది. అది గంగులయ్య ఐస్ క్రషర్. ఐస్ దిమ్మలను పొడిచేసి పడవలకు ఎత్తే మిషన్. రెండు నెలలుగా అది మూలుగు కూడా పెట్టలేదు, ఎందుకంటే సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే ఆ కాలంలో వేట నిషేధం. పడవలు ఒడ్డునుంటే ఐస్ ఎవరికి కావాలి? ఏప్రిల్ నడుమ వేట ఆగుతుంది, క్రషర్ ఆగుతుంది. జూన్ నడుమ వేట మొదలవుతుంది, క్రషర్ మొదలవుతుంది. వానగాలీ లేదు, వంకాయా లేదు!

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పక్కనున్న ఫ్యాక్టరీలోకి పరుగెత్తింది. గంగులయ్య మోచేతుల దాకా గ్రీజుతో ఉన్నాడు. భార్య పేరమ్మ క్రషర్‌కు పసుపు రాస్తోంది.

"ఏందమ్మా షాహనా, అట్టా ఒగురుస్తండావు?" అన్నాడు గంగులయ్య. "ఆదివారం పడవలు దిగతాయి గదా, మిషన్ తిరగతాదో లేదో చూస్తండాము. ఇందాక రెండుసార్లు వేస్తే తిరక్కుండానే ఆగిపోయింది."

"అన్నా, ఒక్కసారి ఆపి మళ్లీ వెయ్యన్నా. నేను ఫోన్‌లో చెప్తా, అప్పుడు వెయ్యి," అంది షాహనా.

"దేనికమ్మా?"

"చెప్తా గదన్నా, ముందు ఆపు!"

ఆమె ఆఫీసుకు వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని "వెయ్యన్నా" అంది. గర్రు. లైటు మిణుక్కు. తెర ఎరుపు. "ఆపన్నా." కాసేపటికి పచ్చ. "వెయ్యన్నా." మళ్లీ ఎరుపు. గంగులయ్యకు ఇదేదో ఆటలాగా ఉండి, చెప్పకపోయినా ఇంకోసారి వేశాడు. ఇంకోసారీ ఎరుపే.

ఇంతకీ సర్వర్లు పడటం లేదు. వాటికి యూపీఎస్ ఉంది, కరెంటు మిణుక్కుమన్నా బ్యాటరీ కాస్తుంది. అయితే పడేదేమిటి? షాహనా తీగ పట్టుకుని పోయింది. సర్వర్లనుంచి బయటి లోకానికి దోవ చూపే నెట్ డబ్బా ఒకటుంది. దానిది ముందుహాల్లో స్థానం, గాజుతొట్టి వెనకాల. షాహనా తొట్టి వెనక్కి వంగి, బూజు దులుపుకుంటూ చూసింది. నెట్ డబ్బా ప్లగ్గు మామూలు గోడ బోర్డులో ఉంది. అది ఉండవలసిన యూపీఎస్ బోర్డులో ఇంకేదో ఉంది. దాని వైరు పట్టుకుని ఎక్కడికి పోతుందా అని చూస్తే, అది పైకి పాకి తొట్టిలోకి దిగింది. రొయ్యలకు గాలి కొట్టే చిన్న పంపు!

"సార్," అంది షాహనా నడుముమీద చేతులు పెట్టుకుని. "ఇది ఎవరు మార్చినారు?"

ఫ్రెడ్డీ తొట్టి వంక చూశాడు, కప్పు వంక చూశాడు. "కరెంటు పోతే అవి చచ్చిపోతాయి గదమ్మా," అన్నాడు మెల్లగా. "ఆ డబ్బాదేముంది, కరెంటు వచ్చినాక రెండు నిమిషాల్లో దానంతట అదే లేస్తాది గదా అని... నేనేనమ్మా. ఎప్పుడో మార్చినా."

రొయ్యల మనిషి బుద్ధి రొయ్యల చుట్టూనే తిరిగింది. క్రషర్ వేసిన ప్రతిసారీ నెట్ డబ్బా కళ్లు తేలేసింది. రెండు నిమిషాల్లో తేరుకుంది. సరిగ్గా ఆ రెండు నిమిషాల్లో పాత కాపలా పలకరింపు పడితే హారన్ మోగింది, పడకపోతే లేదు. పాపం పాత కాపలా అబద్ధం ఆడలేదు, చాలాసార్లు అసలు చూడనేలేదు. దొంగ కేకలని తిట్టిన కేకలన్నీ నిజమైన కేకలే. హీనా వేలికి ఉంగరం తొడిగే వేళ షాహనాను స్కూటీ ఎక్కించింది ఈ తొట్టే. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది, మళ్లీ నవ్వొచ్చింది.

యూపీఎస్‌కు ఉన్నవి నాలుగే ప్లగ్గులు. మూడు సర్వర్లవి, ఒకటి నెట్ డబ్బాది. షాహనా పంపు పీకి డబ్బాది పెట్టేసింది. తొట్టికి బ్యాటరీ పంపు చెన్నైనుంచి పంపమని చెప్పారు, అది సోమవారానికి గానీ రాదు. ఫ్రెడ్డీ ముఖం మాడిపోయింది. అయినా యజమాని యజమానే, వెంటనే తేరుకుని ఒక మాట అన్నాడు.

"కారణం దొరికింది గదా, ఇంకా కొత్తది ఎందుకమ్మా? ప్లగ్గు మార్చినాక పాతదే చాలు."

షాహనా కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "సార్, పాతది నన్ను ఒక్కదాన్నే పిలుస్తుంది. నాకు జ్వరం వచ్చినా నన్నే, నా చెల్లెలికి పెళ్లయినా నన్నే. కొత్తది ముందు మీ ఫోన్‌కూ నా ఫోన్‌కూ కలిపి మెల్లగా చెప్తాది. ఎవురో ఒకరు అందుకున్నాం అని నొక్కితే రెండోవాళ్లకు ఆ పేరు చూపిస్తాది. మూడు నిమిషాలు ఎవురూ అందుకోకపోతేనే నా హారన్ మోగతాది. ఆదివారం పొద్దున మీరు అందుకోవాల."

"నేనా? నాకేం తెలుసు సర్వర్ల గురించి?"

"రొయ్యల గురించి తెలుసు గదా. నేను చెప్పిన నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి, చాలు."

ఫ్రెడ్డీ తొట్టిలో ఇంకో చిటికెడు మేత చల్లాడు. నిశ్చితార్థం నాటి సంగతి ఆయనకు తెలియనిది కాదు. ఆ రోజు చీర కుచ్చిళ్లకు బురదతో షాహనా గుమ్మంలో నిలబడటం ఆయన కళ్లారా చూశాడు. "సరే పెట్టు," అన్నాడు చివరికి. "నాకేమన్నా అయితే నా రొయ్యల్ని చూసుకో."

శుక్రవారం, శనివారం షాహనా కొత్తదానికి నియమాలు రాసింది. చేతులకు గోరింటాకు పెట్టించుకోమని నాగూర్‌బీ మొత్తుకుంటుంటే, ఒక చేతికి పెట్టించుకుని రెండో చేత్తో టైపు చేసింది. నెట్ డబ్బా పీకి చూసింది, కేబుల్ పీకి చూసింది, ప్రతిసారీ కొత్తది పట్టేసింది. గంగులయ్య క్రషర్ వేసి చూపించాడు, తెర పచ్చగా ఉంది. శనివారం సాయంత్రం పాత కాపలాను ఆపడానికి కూర్చుంది. "పోనీలే, నువ్వు కూడా రెస్టు తీసుకో," అని పైకే అనేసి ఆపింది.

ఆదివారం షాదీఖానా కిటకిటలాడిపోయింది. మగవాళ్లవైపు ఖాజీగారు, ఆడవాళ్లవైపు తెర చాటున ఎర్రటి ముసుగులో హీనా. పక్కన షాహనా. ఫోన్ చేతిసంచిలో, చేతిసంచి ఒళ్లో. పెళ్లివారు ఎప్పటిలాగే ఆలస్యంగా దిగారు. చివరికి పెళ్లికూతురి తరఫున సమ్మతి అడిగే పెద్దమనిషి, అంటే వకీలు, ఇద్దరు సాక్షులు గొంతులు సవరించుకుంటూ ఆడవాళ్లవైపు వచ్చి తెర ఇవతల నిలబడ్డారు. హాలంతా సద్దుమణిగింది. షాహనా చెల్లెలి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి.

సరిగ్గా అప్పుడే ఒళ్లో చేతిసంచి జుయ్యిమంది.

హారన్ కాదు, వణుకు మాత్రమే. కానీ ఆ వణుకు హీనాకు కూడా తెలిసింది. ముసుగులోంచే తల తిప్పి అక్క వైపు చూసింది. షాహనా ఎడం చేత్తో సంచి కొంచెం తెరిచి తొంగి చూసింది. మూడు గడులూ ఎర్రగా ఉన్నాయి. ఎవరూ అందుకోలేదు.

వకీలు పెళ్లికొడుకు పేరు, వాళ్ల నాయన పేరు, పెళ్లికూతురికి ఇచ్చే మెహర్ సొమ్ము చదవడం మొదలుపెట్టాడు. ఆయన తాపీ మనిషి, ఒక్కో మాటా తూచి తూచి పలుకుతాడు. షాహనా లోపల లెక్క పరుగెడుతోంది. మూడు నిమిషాల్లో ఎవరూ అందుకోకపోతే ఇంతమంది నడుమ, వకీలు నోటికి ఎదురుగా, నాయన చేసిచ్చిన హారన్ మోగుతుంది. అందుకున్నానని తను నొక్కితే హారన్ మోగదు. కానీ నొక్కాక లేచి పోవాలి, పోయి చూడాలి. గుంటల్లో ఎండ ఎక్కుతోంది, వనజాక్షక్క రొయ్య పట్టుబడికి వచ్చి ఉంది. ఫ్రెడ్డీ సార్ ఫోన్ ఎక్కడ పెట్టి మర్చిపోయాడో! బొటనవేలు ఆ మీట మీదికి పోయింది.

హీనా పట్టుకున్న చేతిని గట్టిగా నొక్కింది. గోరింటాకు చేతిలో గోరింటాకు చెయ్యి. షాహనా బొటనవేలు మీట మీదే ఆగిపోయింది. ఫ్రెడ్డీ సార్ పెట్టు అన్నాడు. అన్నాక చేస్తాడు. చెయ్యాలి. యా అల్లా, చేసేట్టు చూడు.

సంచి ఇంకోసారి జుయ్యిమంది. ఆమె చూసింది. "ఫ్రెడ్డీ అందుకున్నారు" అని ఉంది.

షాహనా ఆ ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఆ తెర మీద ఇంకొకరి పేరు చూడలేదు. కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. సంచి జిప్పు వేసేసి రెండో చెయ్యి కూడా తెచ్చి చెల్లెలి చేతిమీద వేసింది.

"సమ్మతమేనా అమ్మా?" అని అడిగాడు వకీలు.

"సమ్మతమే," అంది హీనా. గొంతు వణకలేదు. అడిగిన మూడుసార్లూ గట్టిగా అంది. ఏడ్చింది మాత్రం షాహనా, ఆమెను చూసి నాగూర్‌బీ, వాళ్లిద్దర్నీ చూసి వెనక వరసలో చుట్టాలందరూ. పెళ్లికూతురే అందరికీ చేతిరుమాళ్లు అందించవలసి వచ్చింది.

భోజనాలు సగమయ్యాక ఫ్రెడ్డీ వచ్చాడు. గంగులయ్య బండి మీద వెనక కూర్చుని వచ్చాడు. కొత్త చొక్కా భుజాల దాకా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతులనుంచి రొయ్యల వాసన. వాకిట్లోనే షాహనా ఎదురుపడింది.

"ఏమైంది సార్?"

ఫ్రెడ్డీ నేల చూపులు చూశాడు. గంగులయ్య ఆగలేకపోయాడు. "ఏమయ్యేదుండాది? మొదటిరోజు గదా, ఊళ్లో మిషన్లన్నీ ఒక్కసారి వేసినారు, కరెంటు పోయింది. ఈయన తొట్టిలో రొయ్యలు పైపైకి వచ్చినాయంట. వాటి అవస్థ చూడలేక, నువ్వు పెట్టిన ప్లగ్గు పీకి మళ్లా పంపు పెట్టేసినాడు!"

"రెండు నిమిషాలే అనుకున్నానమ్మా," అన్నాడు ఫ్రెడ్డీ. "పెట్టినానో లేదో, జేబులో ఫోను కొట్టుకోవడం మొదలుపెట్టింది. తీసి చూస్తే ఎర్రగా. ఇట్టా పీకినానో లేదో అట్టా పట్టేసిందమ్మా నన్ను! ఒకపక్క నా రొయ్యలు, ఇంకోపక్క అందరి గుంటలు. కాసేపు చేతులాడలేదు. ఆమైన అందుకున్నానని నొక్కి, పంపు పీకేసి డబ్బాది పెట్టేసినా."

"మరి తొట్టి?"

ఫ్రెడ్డీ తన తడిసిన చేతులు చూపించాడు. "మగ్గుతో ముంచి పైనుంచి పోసినా. ముంచడం, పొయ్యడం. కరెంటు వచ్చేదాకా. అన్నీ బతికే ఉండాయి. నా నడుమే చచ్చింది."

"పేర్లు పెట్టి పిలిచి మరీ పోసినాడమ్మా," అన్నాడు గంగులయ్య. ఈసారి ఫ్రెడ్డీ కాదనలేదు.

షాహనా పడీపడీ నవ్వింది. నవ్వుతూనే లోపలికి పోయి, హాట్‌బాక్సులో మూత పెట్టి దాచిన బిర్యానీ తెచ్చింది. ముక్కలన్నీ ఏరి పైన పెట్టి ఉన్నాయి. అది ఎవరికోసం దాస్తున్నావని గంటనుంచి నాగూర్‌బీ అడుగుతూనే ఉంది, తను చెప్పలేదు. ఫ్రెడ్డీ మూత తీసి చూసి, తలెత్తి షాహనాను చూసి, తినడానికి కూర్చున్నాడు.

సాయంత్రం హీనాను సాగనంపేటప్పుడు పూలు కట్టిన కారు గేటు దగ్గర ఆగింది. నాగూర్‌బీ ఏడుపు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. సైదావలి మాత్రం ఎక్కడా కనపడలేదు. కారు ముందువైపు ఏదో సర్దుతున్నాడని ఎవరో అన్నారు. షాహనా చెల్లెల్ని కారులో కూర్చోబెట్టి, ముసుగు సరిచేసి, తలుపు వేసి రెండడుగులు వెనక్కి వేసింది.

అప్పుడు మోగింది హారన్. లారీ హారన్. వీధి చివరిదాకా, గుండె అదిరిపోయేలా.

షాహనా ఆలోచించనే లేదు. చెయ్యి సంచిలోకి పోయింది, కాళ్లు స్కూటీ వైపు పోయాయి. చీర కుచ్చిళ్లు చేతికొచ్చేశాయి. అప్పటికే నాలుగడుగులు పరుగెత్తింది కూడా.

"అక్కా! యాడికి?" కారు కిటికీలోంచి ముసుగు పైకెత్తి పెళ్లికూతురు అరిచింది. పగలబడి నవ్వుతోంది. "అది నీది కాదు, నాది! నాయన కారుకు పెట్టినాడు!"

షాహనా నడివీధిలో ఆగి ఫోన్ చూసింది. మూడు గడులూ పచ్చగా ఉన్నాయి. కుచ్చిళ్లు వదిలేసి, ఫోన్ తెచ్చి ఫ్రెడ్డీ చొక్కా జేబులో పెట్టేసి, రెండు చేతులూ ఎత్తి చెల్లెలికి ఊపింది. కారు మలుపు తిరిగేదాకా సైదావలి హారన్ మోగుతూనే ఉంది.